రైట్ రాసినవాళ్ళే కొట్టాలి

కృపానందం మాస్టారు ఏనాడూ ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. కొట్టించేవాడు, అంతే. రైట్ రాసినవాళ్ళు తప్పు రాసినవాళ్ళ ముక్కు ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేత్తో చెంప మీద ఒకటివ్వాలి. మెత్తగా కొట్టారా, తప్పు రాసినవాళ్ళే తిరిగి కొట్టి చూపించాలి. బళ్ళో పనిచేసినన్నాళ్ళూ నడిపిన ఈ పద్ధతినే, రిటైరయ్యాక కంకిపాడులో ఎరువుల కొట్టు మేడ మీద పెట్టిన నర్సుల కోచింగులోనూ సాగించాడు. ఐర్లాండు ఆసుపత్రుల్లో ఉద్యోగం కావాలంటే రోగి గురించి మర్యాదైన ఇంగ్లీషులో ఉత్తరం రాసే పరీక్ష ఒకటుంది. ఆయన చేతి కింద పడితే గట్టెక్కుతారని పేరు. అందుకని మీసాలొచ్చినవాళ్ళూ, బిడ్డల తల్లులూ కూడా నవ్వుతూనే చెంపలు అప్పగించేవాళ్ళు.

“మన తెలుగుకి ‘చాలా’ అని ఒకటే గరిటె. నొప్పికీ అదే, రోగులకీ అదే,” అనేవాడు మాస్టారు. “ఉత్తరంలో అలా కుదరదు. ‘లాట్స్ ఆఫ్’ అన్నారంటే బజారు భాష. లెక్కపెట్టగలిగితే ఎ లార్జ్ నంబర్ ఆఫ్. లెక్కకి అందకపోతే ఎ గ్రేట్ డీల్ ఆఫ్. రాయండి.”

స్టెల్లా, ఆమె మొగుడు జయపాల్ ఇద్దరూ బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సులే. ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక ఒకే బండి మీద వచ్చి పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. మొదటి ఆదివారమే స్టెల్లా రైట్ రాసింది. జయపాల్ ‘ఎ గ్రేట్ డీల్ ఆఫ్ పేషెంట్స్’ అని రాశాడు.

“ఇవ్వమ్మా,” అన్నాడు మాస్టారు.

ఆమె మొగుడి చెంప మీద వేళ్ళు ఆనించి తీసేసింది.

“దోమని తోలావా? జయపాల్, చూపించవయ్యా ఎలా కొట్టాలో!”

జయపాల్ చూపించాడు. స్టెల్లా చెవిలో గుయ్యిమంది. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వడానికి చూసింది.

పై వారం జయపాల్ మళ్ళీ తప్పు రాశాడు. ఈసారి స్టెల్లా సరిగ్గానే కొట్టింది. ఇంటికి పోతూ అతను కాలువ గట్టు మీద, తుమ్మచెట్ల చాటున బండి ఆపాడు.

“పది మందిలో మొగుడి ముక్కు పట్టుకుంటావంటే?”

“మాస్టారు కొట్టమంటేనే కదండీ...”

మాట పూర్తి కాలేదు. డొక్కలో పిడికిలి దిగింది. వంగిపోతే వీపు మీద మోచెయ్యి, పడిపోతే తొడ మీద బూటు. మొహం జోలికి మాత్రం పోలేదు. మచ్చ కనపడని చోట్లు నర్సుకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొట్టడం అయ్యాక చీరకంటిన దుమ్ము అతనే దులిపి, బండెక్కమన్నాడు.

అది మొదలు, ఆమె రైట్ రాసిన ప్రతి ఆదివారమూ కాలువ గట్టు మీద బండి ఆగేది. అత్త అమలమ్మకు చెప్పుకుంటే, ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

“ఇంత తెలివిగలదానివి, ఓ తప్పు రాస్తే నీ సొమ్మేం పోయిందే? ఆడు మగోడు. ఆడికీ ఓ పరువుంటది.”

స్టెల్లా తప్పులు రాయడం మొదలెట్టింది. ఒక ఆదివారం రైట్ రాసింది పక్క బెంచీ అఫ్సా. ఇద్దరూ ఒకే వార్డులో డ్యూటీ చేస్తారు. ముక్కు పట్టుకోడానికి అఫ్సా చెయ్యి చాపితే స్టెల్లా చెంపకి కాదు, పక్కటెముకలకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అఫ్సా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తర్వాత బాత్రూమ్‌లో స్టెల్లా జాకెట్టు పైకెత్తి చూసింది. పాత దెబ్బలు పచ్చగా, కొత్తవి నల్లగా.

“యా అల్లా! నీకు రాని జవాబా అది? మొగుడి చావుదెబ్బలకి భయపడి తప్పులు రాస్తున్నావా?”

“చివరి పరీక్షకి రైట్ రాస్తాలే.”

“రాస్తే?”

స్టెల్లా జాకెట్టు కిందకి లాక్కుంది. ఐర్లాండుకి పంపే ఏజెన్సీవాళ్ళు ఇంటర్వ్యూకి మాస్టారు పంపిన పేర్లే తీసుకుంటారు. కోచింగు చివరి పరీక్షలో ఉత్తరం తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఏడాది ఆ గట్టు మీదుగా ఇంటికి పోవాలి.

చివరి పరీక్ష రోజున మాస్టారు ఇచ్చింది లారీ గుద్దిన మనిషి కేసు. చాలా రక్తం పోయింది. స్టెల్లా కలం ఎక్కడా ఆగలేదు. జయపాల్ ‘ఎ లార్జ్ నంబర్ ఆఫ్ బ్లడ్’ దగ్గరే చిక్కుపడ్డాడు.

“రక్తాన్ని లెక్కపెడతావురా సన్నాసీ? స్టెల్లా, ఇవ్వమ్మా వీడికి.”

ఆమె లేచి నిలబడింది. జయపాల్ పెదాలు కదలకుండా అన్నాడు: “ముట్టుకున్నావో, ఈ రోజు కాలవలోకే.”

ఆమె ముక్కు పట్టుకుంది. మెలిపెట్టి పట్టుకుంది. అరచెయ్యి సాచి బలమంతా పెట్టి కొట్టింది. జయపాల్ తల గోడకి తగిలింది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. స్టెల్లా పట్టు వదల్లేదు. రెండోది కొట్టింది. ఆ రెండోది మాస్టారు చెప్పింది కాదు.

జయపాల్ మచ్చ కనపడని చోట్లు మర్చిపోయాడు. ఆమె జుట్టు దొరకబుచ్చుకుని మొహాన్ని బెంచీ అంచుకేసి కొట్టాడు. కనుబొమ చిట్లింది. మళ్ళీ కొట్టాడు. పన్ను విరిగి కాయితాల మీద పడింది. అఫ్సా అతని మణికట్టు రక్తం వచ్చేలా కొరికింది. ముగ్గురు మగవాళ్ళు మీద పడి కిందకి తొక్కిపెట్టారు. ఒకడు కోపం ఆగక డొక్కలో తన్నాడు కూడా.

“చంపేస్తానే! ఇంటికి రా, చంపేస్తా!”

మాస్టారు బల్ల వెనకనుంచి అన్నాడు: “ఆలుమగల గొడవలు ఇంటి దగ్గర చూసుకోవాలమ్మా.”

“ఇన్నాళ్ళూ అక్కడే చూసుకున్నామండి,” అంది స్టెల్లా. నోటినిండా నెత్తురు, మాట ముద్దగా వస్తోంది. “నా ఉత్తరం రైటా, కాదా?”

“రైటే, కానీ...”

“పేరు పంపండి.”

“ముందు మీ ఆయన ఒప్పుకో...”

“నేను చూస్తుండగా పంపండి సార్.”

ఆయన ఫోను తీశాడు. వేలు రెండుసార్లు తప్పు చోట పడింది. మెసేజీ పోయిందాకా ఆమె కదల్లేదు.

కింద అఫ్సా స్కూటర్ తీసి, దుపట్టా తడిపి కనుబొమ తుడవబోయింది. స్టెల్లా మొహం తిప్పేసుకుంది.

“తుడవకు. పెద్దాసుపత్రికి పద. పోలీసు కేసు కింద రాసుకున్నాకే కుట్లు.”

“అందుకనేనా రెండోది కొట్టావ్?”

“కాదు. మొదటిదానికి నా కసి తీరలా.”

పైన ఇంకా అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. అఫ్సా బండిని గట్టు దారికి కాకుండా బెజవాడ హైవేకి తిప్పింది.