తమ్ముడి జీవిత చరిత్ర చదివిన రోజు

మా తెలుగు చర్చి సంఘంలో ఎవరైనా చనిపోతే, స్మరణ కూడికలో ఇంటివాళ్ళు ఒకరు లేచి వారి జీవిత చరిత్ర చదువుతారు. మా తమ్ముడు దేవపాల్‌ది నేను రాశాను. "నాకు రాయడం చేతకాదు, టీచరువి కదా, నువ్వే రాయి వదినా," అంది వాడి భార్య, మా మరదలు షారోన్.

దేవపాల్ గుంటూరులో డిగ్రీ మధ్యలో వదిలేశాడు. ఇండియాలో అమెరికన్ ఫుట్‌బాల్‌కు కొత్తగా లీగ్ పెట్టినప్పుడు, జీతం తీసుకుని ఆడిన తొలి కుర్రాళ్ళలో వాడొకడు. ఏడాది తిరక్కుండా ఆ లీగ్ మూతపడింది. తర్వాత దేశం దాటి, నేనుంటున్న ఈ మనురేవాకు వచ్చాడు. పగలు గోడౌన్‌లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాడు. సాయంత్రాలు పార్కులో ఒక చిన్న క్లబ్బుకు అదే ఆటలో కోచ్‌గా ఉండేవాడు. పోయిన నెల ఆ గ్రౌండు పక్కనే గుండె ఆగి పడిపోయాడు.

నేను రాసిన కాగితంలో ఆట లేదు. "లాజిస్టిక్స్ రంగంలో పనిచేశారు" అని మాత్రం ఉంది. అబద్ధమేమీ రాయలేదు కదా అనుకున్నాను.

వాడున్నప్పుడు ఆదివారం ప్రార్థన అయ్యాక, టీ తాగుతూ మా సంఘంలోని మధుసూదన్ అంకుల్ నన్ను అడిగేవారు. "ఏమ్మా, మీవాడు ఇంకా హెల్మెట్ పెట్టుకుని పొట్టేలులా కుమ్ముతున్నాడా? పోనీ క్రికెట్టయినా కాదాయె!"

"మీరూ రండంకుల్, మీ తలకు సరిపోయే హెల్మెట్ వెతుకుతా," అనేవాడు దేవపాల్.

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, కానీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

కూడిక రోజు క్లబ్బు కుర్రాళ్ళు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. చాలామంది టోంగా, సమోవా దీవుల వాళ్ళు, భారీ మనుషులు. మా హాలు కుర్చీలు వాళ్ళకు చాలలేదు. వాళ్ళు వస్తారని నేను అనుకోలేదు. తెలుగు రాదులే అని ధైర్యం చెప్పుకుని చదవడం మొదలుపెట్టాను. ఇంతలో దేవపాల్ కూతురు ఫేబీ లేచి వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. నా ఒక్కో వాక్యాన్నీ వాళ్ళకు మెల్లగా ఇంగ్లీషులో చెప్పసాగింది.

చదవడం ముగించాను. వెనక నుంచి టీం కెప్టెన్ విలియామి గొంతు వినిపించింది.

"అయిపోయిందా? మరి మా కోచ్ సంగతి?"

"అత్త అది రాయలేదు," అంది ఫేబీ. ఇంగ్లీషులోనే, నన్ను చూస్తూ.

పాస్టర్ గారు లేచి, "ఆ అబ్బాయిని రెండు మాటలు చెప్పనిద్దాం. జ్ఞానమణి గారూ, మీరు తర్జుమా చేయండి," అన్నారు. ఇంగ్లీషు బోధకులు వచ్చినప్పుడు పక్కన నిలబడి వాక్యం వెంట వాక్యం తెలుగులో చెప్పేది నేనే.

విలియామి మైకు దగ్గరికి వచ్చాడు. అతను ఒక వాక్యం చెప్పి ఆగుతున్నాడు, నేను తెలుగులో చెబుతున్నాను.

"స్కూలు మానేసి ఇంట్లో పడుకున్న నన్ను కోచ్ వచ్చి లాక్కెళ్ళాడు. జీతానికి ఆడిన మనిషిని మేం చూడటం అదే మొదలు. ఆ రోజుల కథలు చెప్పమని సతాయించేవాళ్ళం. ఆయన పని బంతి పట్టడం కాదట. బంతి పట్టినవాడికి దెబ్బ తగలకుండా అడ్డు నిలబడటమట."

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. వాడి ఆట నేను ఒక్కసారీ చూడలేదు.

"మేం తప్పు చేస్తే కోచ్ అందరిముందూ అరిచేవాడు కాదు. పక్కకు పిలిచి చెప్పేవాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాం. 'మా అక్క టీచరు. ఎవర్నీ నలుగురిలో సిగ్గుపరచకూడదని ఆమె దగ్గరే నేర్చుకున్నా' అన్నాడు."

అతను ఆగాడు. ఇక నేను చెప్పాలి.

వాడికి నేను అలాంటి మాట చెప్పిన గుర్తు లేదు. మధుసూదన్ అంకుల్ తల వంచుకున్నారు. ముందు వరసలో తెల్లచీరల అమ్మమ్మలు నా నోటివంకే చూస్తున్నారు. నేను దాటేసినా వాళ్ళకు తెలియదు. ఫేబీకి తెలుస్తుంది.

ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను.

"మంచి అక్కవమ్మా," అంది ఒక అమ్మమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె ఏమందో చెప్పమన్నట్టు విలియామి నా వైపు తిరిగాడు. ఆ ఒక్క ముక్కను మాత్రం నేను తర్జుమా చేయలేకపోయాను.