సుడిగుండం గారి చెత్త మ్యాచ్

ఆగండి ఆగండి, ఒక్క నిమిషం ఆ ఫోన్ పక్కన పెట్టి ఇది వినండి. భీమవరంలో కుస్తీ లీగ్ ఉందని మీకు తెలుసా? గోదా, మట్టి, లంగోటా ఉండే కుస్తీ కాదు. టీవీలో చూస్తామే, తాళ్ల రింగు, మెరుపుల చడ్డీలు, ఎవరు గెలవాలో ముందే మాట్లాడేసుకుని అయినా సరే నడుములు విరగ్గొట్టుకునే కుస్తీ. అది! గెలిచేదెవరో ముందే ఖాయమని తెలిశాక పందెం కాయడానికి వచ్చినవాళ్లు లేచి వెళ్లిపోయారు కానీ, మిగిలినవాళ్లు మాత్రం ఏడాది పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు ఖాళీ చేయకుండా కూర్చున్నారు.

దాని పేరు డెల్టా కుస్తీ లీగ్. నడిపేది తాతాజీ గారు. ఆయనకి ఐస్ ఫ్యాక్టరీ ఉంది, దాని పాత షెడ్డు ఖాళీగా పడి ఉంటే నెలకో శనివారం సాయంత్రం అందులో ఆటలు పెట్టించారు. ఊక నింపిన చేపల మేత సంచుల మీద నీలం పట్టా పరిస్తే అదే రింగు. చుట్టూ పడవలకి కట్టే మోకులు. డిసెంబరుకి లీగ్ మొదలై ఏడాది నిండింది. ఆ ఏడాదిలో ఏది బాగుందో ఏది తగలడిందో జనం ముందు చెప్పే పని హెలెన్ మీద పడింది. గొడవంతా అక్కడే మొదలైంది.

హెలెన్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. ఇంటర్ దాకా హైదరాబాద్‌లో అమ్మానాన్నల దగ్గర చదివి, సీటు ఇక్కడ వచ్చిందని అమ్మమ్మ పాపాయమ్మ ఇంటికొచ్చి పడింది. కుస్తీ అంటే పిచ్చి. ప్రతి ఆటా అవ్వగానే ఫోన్ ముందు కూర్చుని ఊపిరి తీసుకోకుండా తప్పులన్నీ ఏకరువు పెట్టి వీడియో వదిలేది. చూసేవాళ్లలో సగం మంది కుస్తీ ఆడేవాళ్లే. "అమ్మాయిగారు ఈసారి నా నడుం గురించి ఏమన్నారండీ?" అని ఒకళ్లనొకళ్లు అడిగేవారు.

క్రిస్మస్ ముందర తాతాజీ గారు కాజాల పొట్లం పట్టుకుని ఇంటికొచ్చారు.

"ఈసారి వీడియోలో కాదండి హెలెన్ గారూ, రింగులో నిలబడి మైకులో చెప్పాలి. ఏడాదంతా ఎలా ఆడామో. ఆఖర్న, అన్నిట్లోకీ చెత్త మ్యాచ్ ఏదో తేల్చాలి. అందులో ఓడినవాళ్లు కొత్త ఏడాది ఉండరండి."

"ఉండరంటే? తీసేస్తారా?"

"ఆయ్. విజయవాడ నుంచి ఓ కొత్త కుర్రాడు వస్తానన్నాడు. ఒకళ్లని తగ్గించాలి. ఎవరిని పొమ్మంటానండీ? అందరూ మనవాళ్లే, పొద్దున్న లేస్తే మొహాలు చూసుకోవాలి. నాకా మొహమాటం. మీరంటే హైదరాబాద్‌లో చదివారు, మీకలాంటివి ఉండవు కదా."

ఇది పొగడ్తో తిట్టో హెలెన్‌కి అర్థం కాలేదు, కానీ మైకు అన్న మాట వినపడగానే మిగతావి వినపడటం మానేశాయి. సరేనంది. ఓ కాజా కూడా తినేసింది.

ఆ రాత్రే కాదు, క్రిస్మస్ సెలవులంతా కూర్చుని ఏడాది ఆటలన్నీ మళ్లీ చూసింది. బాబోయ్, ఏం ఏడాదండీ అది! ఛాంపియన్ బెల్టు గిన్నెల షాపులో చేయించారేమో, ఉప్పుగాలికి మార్చికల్లా తుప్పు పట్టి, గెలిచినవాడు దాన్ని ఎత్తి చూపించాక ధనుర్వాతం సూది వేయించుకున్నాడు. ఏప్రిల్‌లో రేకుల వేడికి పట్టా పెనంలా కాలిపోతూ, కింద పడ్డవాడు పడ్డట్టే లేచిపోతుంటే ఎవరూ ఓడటం కుదర్లేదు. మీద పడి మూడు లెక్కపెట్టేదాకా అదిమిపెట్టినవాడిదే గెలుపు కదా, జూలైలో కరెంటు పోతే రెఫరీ బుల్లిరాజు చీకట్లో మూడు దాకా లెక్కపెట్టేసి, దీపాలు వచ్చాక చూస్తే కింద ఉన్నది ఊక సంచి.

ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. అసలు రోగం వేరే ఉంది, హెలెన్ దాన్ని ఏడాదిగా పట్టుకుని వేళ్లాడుతోంది: ఈ లీగులో విలన్ని ఎవరూ తిట్టరు. కుస్తీకి ప్రాణమే అది కదా! విలన్ వస్తే షెడ్డు అదిరిపోవాలి, ఊళ్లో వాళ్లంతా ఊళలు పెట్టాలి. ఇక్కడ? "సుడిగుండం" అని ఒళ్లు గగుర్పొడిచే పేరు పెట్టుకున్న విలన్ కళ్ల చుట్టూ నల్లగా కాటుక పూసుకొచ్చి, మైకు లాక్కుని, "ఇవాళ మీ ఎముకలన్నీ ఏరుకోవాలండి, ముందే చెబుతున్నానండి!" అంటాడు. ముందు వరసలో పెద్దాయన, "పాపం, గొంతు బొంగురు పోయింది బాబూ, మిరియాల పాలు తాగండి" అంటాడు.

ఆ సుడిగుండం పేరు శాంతికుమార్. హెలెన్‌కి సొంత మేనమామ. ఆ కాటుక హెలెన్‌దే.

వీడియోలు చూస్తూ చూస్తూ సెప్టెంబరు ఆట దగ్గరికి వచ్చేసరికి హెలెన్ చేతిలో ఫోన్ జారింది. ఎలా తిప్పి చూసినా, ఏ కొలత పెట్టి కొలిచినా, ఏడాదికంతటికీ చెత్త మ్యాచ్ అదే. మావయ్యదే.

ఆ రోజు ఏం జరిగిందంటే, "తుని తుఫాను" గంగరాజు గారు పొద్దున్న రైలుకి దిగారు. బయట ఊరి నుంచి వచ్చిన మనిషి హోటల్లో తింటాడా, ఇంటి పరువేం కావాలి అని పాపాయమ్మ ఆయన్ని మధ్యాహ్నం భోజనానికి పిలిపించింది. రొయ్యల వేపుడు, కోడి కూర, గారెలు, చేపల పులుసు, మీద గడ్డ పెరుగు. ఆయన చెయ్యి అడ్డం పెట్టిన ప్రతిసారీ పాపాయమ్మ పక్కనుంచి వడ్డించింది. "కొట్టుకునేవాడివి బాబూ, బలం ఉండొద్దా? మా వాడు మొండివాడు" అని బతిమాలి మరీ తినిపించింది. చివరికి పూతరేకులు.

సాయంత్రం రింగులో సుడిగుండం ఆయన్ని చిన్నగా తోశాడు. తుఫాను పడింది. మళ్లీ లేవలేదు. మాట ప్రకారం ఆయన లేచి, మోకు ఎక్కి, సుడిగుండం మీదకి దూకి గెలవాలి.

"లేవండి గంగరాజు గారూ," అని శాంతికుమార్ వంగి గుసగుసలాడటం వీడియోలో చక్కగా వినిపిస్తుంది. "మీరు నా మీదకి దూకాలి."

"దూకితే ఏమవుద్దో నాకు తెలుసండి. మీకే తెలీదు."

శాంతికుమార్ కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత తానే ఆయన పక్కన వెల్లకిలా పడుకుని, ఆయన్ని రెండు చేతులతో దొర్లించుకుని దుప్పటిలా మీద కప్పుకున్నాడు. బుల్లిరాజు మూడు లెక్కపెట్టాడు. తుఫాను గెలిచింది. జనం చప్పట్లు కొట్టి, ఎవరో సోడా అందించారు.

హెలెన్ తిన్నగా వెళ్లి మావయ్యకి చెప్పేసింది. అరుగు మీద కూర్చుని చర్చి పాటల కాగితాలు సర్దుకుంటున్నాడాయన.

"మావయ్యా, చెత్త మ్యాచ్ నీదే."

"తెలుసమ్మా."

"నిన్ను తీసేస్తారు."

శాంతికుమార్ కాగితాలు పక్కన పెట్టాడు. "చూడు హెలెనూ, వారమంతా మేత డిపోలో కూర్చుని ప్రతివాడికీ అలాగేనండి, అలాగేనండి అంటాను. నెలకోసారి మాత్రం, నన్ను చూసి ఒక్కడన్నా భయపడతాడేమోనని అక్కడికి వెళ్తాను."

"ఎవరన్నా భయపడ్డారా?"

"ఇంకా లేదు." కాగితాలు మళ్లీ చేతిలోకి తీసుకుని, "అబద్ధం చెప్పకు. దొంగ మార్కులు నాకొద్దు. కానీ... అన్నిట్లోకీ రెండో చెత్త అంటే కుదరదా?"

ఆ రోజు మొదలు హెలెన్ అన్ని దారులూ వెతికింది. బుల్లిరాజు ఊక సంచి ఆటని చెత్త అందామా? అందులో ఓడింది సంచి, సంచిని ఎలా తీసేస్తారు? ఏప్రిల్ ఆట అందామా? అందులో అసలు ఎవరూ ఓడలేదు. పోనీ చెప్పనే చెప్పనంటే? ఏడాదిగా అందరి నడుముల గురించీ మాట్లాడి, సొంత మావయ్య దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటే ఇంక ఆ నోటిని ఎవరు నమ్ముతారు?

క్రిస్మస్ వెళ్లాక వచ్చిన శనివారం షెడ్డు కిక్కిరిసిపోయింది. ముందు వరసలో పాపాయమ్మ, పండక్కి కొన్న పట్టుచీరలో, చర్చి ఆడవాళ్లందరికీ "మైకులో మాట్లాడేది మా మనవరాలే" అని చూపిస్తోంది. రింగు మూల సుడిగుండం కాటుకతో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

హెలెన్ బెల్టు సంగతి చెప్పింది, పట్టా సంగతి చెప్పింది. జనం పడీ పడీ నవ్వారు. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని, ఒక్క ఊపిరిలో అనేసింది:

"ఈ ఏడాది చెత్త మ్యాచ్, సెప్టెంబరులో సుడిగుండం మీద తుని తుఫాను. కానీ తప్పు ఆడినవాళ్లది కాదు. మధ్యాహ్నం పెట్టిన భోజనానిది!"

ముందు వరసలో పట్టుచీర లేచింది.

"ఏమే! నా చేపల పులుసు బాగోలేదా?"

"బాగుంది అమ్మమ్మా. అదే గొడవ. అంత పెడితే మనిషి ఆడతాడా, ఆస్పత్రికి పోతాడా?"

"అతిథికి అన్నం పెట్టడం తప్పంటావా? ఇంతమందిలో?"

అప్పుడు మొదలైంది. వెనక కుర్చీల్లోంచి ఒకడు "ఊఊ" అన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. "పెద్దావిడ్ని అంత మాటంటావా!" "దిగు, దిగు!" "తిన్నింటినే తిడతావా!" టీ కప్పు ఒకటి ఎగిరొచ్చి హెలెన్ భుజానికి తగిలింది. ఏడాదంతా ఏ విలన్‌కీ దక్కని ఊళలు, అచ్చమైన ఊళలు, ఐస్ ఫ్యాక్టరీ రేకులు అదిరేలా!

అంతలో సుడిగుండం మైకు లాక్కున్నాడు.

"మా అమ్మ వంట జోలికొస్తే..." వేలెత్తి చూపించి అరిచాడు. "ఊరుకోను!"

ఈసారి మాట చివర "అండి" లేదు. నటిస్తున్నాడో నిజంగానే అన్నాడో హెలెన్‌కి తెలియలేదు. తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేసి మోకులకి తగిలి ఆగింది. ఆమె కళ్లలో భయం చూసి శాంతికుమార్ మొహం కాటుకలోంచి వెలిగిపోయింది. జనం కుర్చీలెక్కి ఆయన పేరుతో కేకలు పెట్టారు.

షెడ్డు వెనక తాతాజీ గారు హెలెన్ చేతులు పట్టుకుని వదల్లేదు.

"దొరికారండి! ఏడాదిగా వెతుకుతున్న విలన్ మీరేనండి! ప్రతి నెలా మీరు అమ్మమ్మగారి వంటని ఓ నాలుగు మాటలనాలి, మావయ్యగారు అడ్డం పడాలి. ఇంక ఆయన్ని తీసేదెవరండీ, పోస్టరు మీద బొమ్మ ఆయనదే!"

"అయితే ఇదంతా ఆటేనని అమ్మమ్మకి చెప్పేస్తాను."

"అయ్యబాబోయ్, చెప్పకూడదండి! ఆవిడకి ఆ కోపం నిజంగా రావాలి. ఆవిడ లేస్తేనే జనం లేచారు. తెలిసిపోతే ఆవిడ నవ్వేస్తుంది, అక్కడితో సరి."

"నేను ఒప్పుకోకపోతే?"

తాతాజీ గారు నేల చూపులు చూశారు. "మీరు చెప్పిందే కదండీ, చెత్త మ్యాచ్ అని. మాట మీద నిలబడాలి కదా. ఇంక రావద్దన్న ముక్క మావయ్యగారికి మీరే చెప్పేయండి. నాకు మొహమాటం."

హెలెన్ బయటికొచ్చి ఎక్కేసరికి ఆటోలో పాపాయమ్మ అటు తిరిగి కూర్చుంది. పక్కన శాంతికుమార్ కాటుక తుడుచుకోలేదు. రోడ్డు మీద పోయే ఇద్దరు కుర్రాళ్లు ఆయన్ని చూసి పక్కకి తప్పుకుంటే, అద్దంలో తనని తాను చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

"సోమవారం కాలేజీకి నీకు క్యారేజీ కట్టాలా?" అంది పాపాయమ్మ, రోడ్డుకేసి చూస్తూనే. "కడితే తింటావా, లేకపోతే దాని మీద కూడా మైకులో మాట్లాడతావా?"

తాతాజీ గారు షెడ్డు గుమ్మంలో నిలబడి జవాబు కోసం చూస్తున్నారు. ఆటో అబ్బాయి బండి స్టార్ట్ చేశాడు. నిజం చెబితే అమ్మమ్మ దక్కుతుంది, మావయ్య మళ్లీ అలాగేనండి దగ్గరికి వెళ్లిపోతాడు. నోరు మూసుకుంటే మావయ్య దక్కుతాడు, నెలనెలా అమ్మమ్మ మనసు విరగ్గొట్టాలి, ఆ చేతి అన్నమే తింటూ. ఇప్పుడు చెప్పండి, హెలెన్ స్థానంలో మీరుంటే ఏం చేసేవారండీ?