గడువు లేని ప్రాయశ్చిత్తం

ఎదురింటి కుట్టుమిషనావిడ కుళాయి దగ్గర నలుగురికీ చెప్పిందట: "పేపరమ్మకి పిచ్చి ముదిరింది. నిన్న ఎవరిదో తెల్లచొక్కా మీద ఇస్త్రీపెట్టె వదిలేసి పేపర్లో తలదూర్చింది. పొగ లేచేదాకా ఒంటిమీద స్పృహ లేదు."

ఆ మాట కోడలి చెవిన పడి, కోడలి నోట అత్త దాకా వచ్చింది. పేపరమ్మ దుప్పటి మీద నీళ్ళు చిలకరించి, "పొగ లేచిన మాట నిజమే. చొక్కా కాలలేదు. అది కూడా చెప్పమను," అంది.

అరవై రెండేళ్ళ మనిషి. బొగ్గుల పెట్టె బరువుకి కుడిభుజం రెండు వేళ్ళు కిందికి జారింది. బొటనవేలి పక్కన నిప్పు తగిలి నున్నబడిన మచ్చ. మెళ్ళో నల్లదారానికి చిన్న సిలువ. కళ్ళద్దాలకి ఒక కాడే ఉంది, రెండోవైపు పురికొస.

పేపరు సంగతి ఇరవై రెండేళ్ళ కిందటిది. ఓట్ల రోజున పెళ్ళివారి బట్టలు కొండలా వచ్చిపడి ఆమె ఓటుకి వెళ్ళలేదు. గుళ్ళో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో అదీ చెప్పుకుంది. అప్పటి ముసలి ఫాదర్ గారు తెర వెనక చాలాసేపు దగ్గి, "మూడు మంగళవార్త జపాలు చెప్పుకో. రోజూ పేపరు చదువు. పొరుగువాడికి ఏం జరుగుతోందో తెలీకుండా వాణ్ణి ప్రేమించడం ఎలాగమ్మా?" అన్నారు. జపాలకి లెక్క చెప్పారు గానీ, పేపరు ఎన్నాళ్ళు చదవాలో చెప్పలేదు. అడుగుదామనుకునేసరికి ఆయన్ని వేరే ఊరికి మార్చేశారు. ఎప్పటికి తీరుతుందో తెలియని ప్రాయశ్చిత్తాన్ని మధ్యలో ఎలా ఆపేది? అయిదో తరగతి చదువుతో కూడబలుక్కుంటూ చదువుతూనే ఉంది.

అది కొన్న పేపరు కాదు. ఫాదర్ గారి బంగళాలో వంటమనిషి ప్రతి శనివారం వారం పేపర్లు కట్టగట్టి ఇచ్చేది. ఊరందరికీ పాతబడ్డ కబుర్లు ఆమెకి ఆ రోజే పుట్టేవి. చదివాకే వాటిలో బట్టలు చుట్టేది. ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థన వేళ లేచి, "మూడో సందు మురుగ్గుంటలో పడి కాలు విరిగిన తాపీమేస్త్రీ కోసమూ, ఆ గుంటకి మూత వేయాల్సిన ఇంజనీరు గారి కోసమూ ప్రార్థించుదము" అనేది. వెనక బెంచీల్లో కిసుక్కుమనేవాళ్ళు. నెల తిరక్కుండా మూత మాత్రం పడింది.

ఈ శనివారం కట్టలో అట్టడుగున పోయిన శనివారం పేపరు, ఏడో పేజీ, కింది మూలన చిన్న నోటీసు. పేటలోని ఆరోగ్య కేంద్రాన్ని వంతెన అవతలికి మారుస్తారట. అభ్యంతరాలు ఏడు రోజుల్లో రాసి ఇవ్వాలట. పేపరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇవాళే ఆఖరు.

"పెట్టెలో నిప్పులు తీసెయ్ అమ్మాయ్."

"మూడిళ్ళ బట్టలున్నాయి అత్తయ్యా!"

"బట్టలెక్కడికీ పోవు. ఆస్పత్రి పోతుంది."

ఆ కేంద్రంలో నర్సమ్మే వారం వారం ఆమె గుండె చూసి మాత్రలిచ్చేది. అయినా దారిలో ఆమె తలుచుకున్నది నెలలు నిండిన ముగ్గుర్ని, మంచాన పడ్డ ఇద్దర్ని.

అర్జీ పట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కింది. కుట్టుమిషనావిడ, "మా ఆయన్ని అడగాలి" అంది.

"అక్కడ కాలికి కట్టు కట్టించుకున్నప్పుడు ఆయన నిన్ను అడిగాడా?"

ఆవిడ పగలబడి నవ్వింది. సంతకం పెట్టలేదు. వీధి మొదట్లో, రిటైరైన మాస్టారు వరండాలో ఆనాటి పేపరు మడుస్తూ, "ఇవన్నీ పైవాళ్ళు తేల్చేవి. మన సంతకాలతో ఆగుతాయా? చూద్దాంలెండి" అన్నారు.

మధ్యాహ్నానికి పదకొండు సంతకాలు, నాలుగు వేలిముద్రలు అయ్యాయి. నోటీసు వేసిన ఆఫీసులో గుమాస్తా తేదీ చూసి కాగితం వెనక్కి జరిపాడు.

"నోటీసు పడ్డ రోజుతో కలిపి ఏడు. నిన్నటితో అయిపోయింది. పేపర్లో వేశాం కదమ్మా, చూళ్ళేదా?"

"చూశాను బాబూ. అందుకే వచ్చాను."

"ఉంచి వెళ్ళండి. లెక్కలోకి మాత్రం రాదు."

ఇంటికొచ్చి మళ్ళీ నిప్పులు రాజేసి మూడిళ్ళ బట్టలూ పూర్తిచేసింది. సాయంత్రం జపమాలలో ఒక పూస దగ్గర ఆగిపోయి, "ఆలస్యం నాదే ప్రభువా" అనుకుంది. ఇది కూడా పాపసంకీర్తనంలో చెప్పుకోవాలి.

రెండు నెలలకి కేంద్రం వంతెన దాటింది. ఆ తర్వాత పదిహేను రోజులకి ఓ ఉదయం, పేపరమ్మ దుప్పటి మడతలో చెయ్యి ఉంచి అలాగే కూర్చుండిపోయింది. కోడలు ఆటో ఎక్కించింది. వంతెన మీద లారీల వరసలో ఆటో ఆగింది. అత్త తల కోడలి భుజం మీదికి, ఏ బరువూ లేనట్టు, వాలింది.

సమాధి చేసి వచ్చాక జనం ఇస్త్రీ బల్ల చుట్టూ చేరారు. ఇప్పటి ఫాదర్ గారిని కుర్చీలో కూర్చోబెట్టారు. "ఆస్పత్రి ఇక్కడే ఉంటే బతికేది పిచ్చితల్లి" అని కుట్టుమిషనావిడ ముక్కు చీదింది. మాస్టారు నిట్టూర్చారు.

"మనకి వేళకి తెలిసుంటే, అందరం వెళ్ళి అడ్డుపడేవాళ్ళం కదమ్మా."

కోడలు బల్ల కింద నుంచి, అత్త ఇంకా విప్పని పేపర్ల కట్టని లాగి వాళ్ళ ముందు పెట్టింది. ఫాదర్ గారితో సహా అందరి వంకా చూసి అంది:

"మీ ఇళ్ళకి ఏ రోజు పేపరు ఆ రోజే వస్తుందిగా."