అక్క సగంలో వదిలిన ఆట

కంప్యూటర్ ఆన్ చేస్తే మూడుసార్లు కూసి ఊరుకుంటోంది, తెర మాత్రం వెలగడం లేదని బావ ఫోన్ చేశాడు. రిపేరు షాపు నాది కాబట్టి మామూలు బేరమే అనుకునేరు. అది మా అక్క కంప్యూటర్.

ఆసుపత్రికి బయల్దేరే ముందు అక్క అందులో పేకాడుతోంది. ఒక్కరే కూర్చుని ముక్కలు పేర్చుకునే ఆట. “దీన్నెవరూ ముట్టుకోకండి, వచ్చి పూర్తిచేస్తా” అని లేచింది. మళ్లీ రాలేదు. ఆ మాట పట్టుకుని బావ ఏడాదిగా కంప్యూటర్ ఆపనే లేదు. కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ కాసింది. ముందురోజు మాత్రం కరెంటు పూటంతా రాకపోయేసరికి అదీ చేతులెత్తేసింది.

పెట్టె విప్పాను. లోపలంతా దుమ్ము.

“ఇందులో కూరగాయలు పండించొచ్చు బావా.”

బావ మాత్రం “ఆట వస్తుందిగా?” అన్నాడు.

రాదు. మిషను ఆరిపోయిన క్షణంలోనే అది పోయింది. షాపులో ఎంతమందికో “పోయిందండీ, ఆశ వదులుకోండి” అని ముఖాన చెప్పినవాణ్ణి, ఇక్కడ మాత్రం “ముందు మిషను లేవనీ” అని దాటేశాను.

మూడు కూతలంటే లోపలి ర్యామ్ సరిగా అంటడం లేదని. ఆ పట్టీ ఊడదీసి, అంచును రబ్బరుతో రుద్దాను. బావ టార్చి పట్టుకున్నాడు. చూపు మాత్రం తెర మీదే, వెలుతురు పక్కకి పోతోంది.

“సరిగ్గా పట్టు బావా!” అని కసిరాను. కసిరాక ప్రాణం ఉసూరుమంది.

ఈసారి ఒకటే కూత. తెర వెలిగింది. బావ ముఖమూ వెలిగింది. అది చూడలేక వైర్లు సర్దుతూ తల దించుకున్నాను.

ఆట తెరిచాడు. కొత్త ముక్కలు పడ్డాయి. మూసి మళ్లీ తెరిచాడు. ఇంకేవో ముక్కలు.

“ఇది మీ అక్క ఆట కాదురా.”

“అది ఇక రాదు బావా. కరెంటుతోపాటే పోయింది.”

మౌసు వదిలేశాడు.

“ఆటీను రాణి మీద ఇస్పేటు జాకీ పెట్టాలి. అదొక్కటీ పెడితే గెలిచేసినట్టే. రోజూ చూస్తూనే ఉన్నాను. ముట్టుకోవద్దంది కదా అని అట్టే ఉంచాను. నేనే పెట్టేసుంటే గెలిచేది కదరా!”

అక్క పోయినప్పుడు మా అందరినీ ఓదార్చిన మనిషి, ఆ కుర్చీలో కూలబడి భోరుమన్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

“దీన్ని ఆపడం ఎలాగరా? నాకు తెలీదు. ఎప్పుడూ మీ అక్కే ఆపేది.”

చూపించాను.