వియ్యపురాలి మంత్రి

నేను ఒక మౌస్‌ని. కంప్యూటర్ పక్కన తోక చాపుకుని పడివుండే నల్లటి జీవిని. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో వేలమంది తోబుట్టువులతో ఒకే పూట పుట్టి, అట్టపెట్టెలో బొబ్బిలి చేరాను. అక్కడి నెట్ సెంటర్లో నా మొదటి ఉద్యోగం. పరీక్షా ఫలితాల రోజున ఎన్ని చెమట చేతులో! రిజల్టు తెరుచుకోకపోతే నన్ను బల్లకేసి కొట్టేవారు. ఫస్టు క్లాసు వచ్చినప్పుడు మాత్రం నాకెవరూ దండం పెట్టలేదు. మనుషుల లెక్క అదీ.

సెంటర్ మూతపడ్డాక సన్యాసిరావు గారు నన్ను తెచ్చుకున్నారు. కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైన మనిషి. లేత ఆకును పట్టుకున్నట్టు నన్ను పట్టుకునేవారు. భార్య వరహాలమ్మ గారు పోయాక ఆయనకు కాలక్షేపం ఆన్‌లైన్ చదరంగం. మూడు నిమిషాల ఆటలు ఆడేవారు; ఎవరి మూడు నిమిషాలు ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టు. వరసగా ఓడేవారు. కారణం మర్యాద. ఎదుటివాడు ఏ దేశస్థుడైనా సరే, ముందుగా ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుని ‘నమస్కారం’ అని టైపు చేసేవారు. ఆ నమస్కారం పూర్తయ్యేసరికి ఆయన గడియారంలో పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది.

ఇంతలో కూతురు శిరీష పురిటికొచ్చి ఆడపిల్లను కన్నది. పేరు దగ్గర పేచీ మొదలైంది. అనకాపల్లి నుంచి వియ్యపురాలు అప్పలనరసమ్మ గారు ‘షనాయా’ అన్నారు. ఈయన ‘ఆలోచిద్దామండీ’ అన్నారు. రోజూ ఇదే తంతు. విసిగిపోయిన కూతురూ అల్లుడూ, “మీరూ మీరూ తేల్చుకోండి” అని చేతులెత్తేశారు.

“అయితే చదరంగంలోనే తేల్చుకుందాం అన్నయ్యగారూ! మూడు నిమిషాల ఆట. గెలిచినవాళ్ళు చెప్పిందే పేరు,” అన్నారావిడ ఫోనులో. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అరిగిన వేళ్ళు ఆవిడవి. మెరుపులా ఆడతారని చుట్టాలందరికీ తెలుసు.

ఈయన సరే అనేశారు. ఆయన మనసులో ఉన్నది భార్య పేరు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. గదిలో ఎవరూ లేనప్పుడు నన్ను కదుపుతూ ‘వరహాలమ్మ’ అని గొణుక్కునేవారు.

పిల్లను ఒళ్ళో వేసుకుని శిరీష కోచ్ అయిపోయింది.

“నాన్నా, ఓడిన ఆటలో ఎక్కడ తప్పు చేశావో చూసుకోకుండా ఇంకో ఆట ముట్టుకోకు. ఎత్తుగడ ఒకటే నేర్చుకో, దాన్నే అరగదియ్యి. పొద్దున్నే గుర్రం లెక్కలు. నమస్కారాలు బంద్!”

“పలకరించకుండా ఆడితే పొగరనుకోరటే?”

“అనుకోనీ!”

గుర్రం లెక్కలంటే, ఒకే గంతుతో రెండు పావుల మీద దాడి చేసే చోటు కనిపెట్టడం. మొదట్లో ఆయనకు ఒక్కటీ కనపడలేదు. పదిరోజులు తిరిగేసరికి ఎటు చూసినా గుర్రాలే. భోజనాల దగ్గర ఉప్పుడబ్బా ఎత్తి, “ఇదిగో, పప్పుగిన్నె మీదా పెరుగుగిన్నె మీదా ఒకేసారి!” అని కేరింతలు. ఆటలు గెలవడం మొదలయ్యాక మా ఇద్దరికీ వయసు వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన వేలు నా వీపు మీద చిందులు తొక్కేది. నేను బల్ల మీద సర్రున జారేదాన్ని.

బారసాల ముందురోజు ఆట. ఆవిడ అనకాపల్లిలో ఫోనులో, ఈయన ఇక్కడ నాతో. నమస్కారం లేకుండానే మొదలుపెట్టారు. అరచేతిలో నాడి దడదడా నాకు తెలుస్తూనే ఉంది. చివరికి ఆయనకు మిగిలింది పది సెకన్లు, ఆవిడకు అరనిమిషం పైనే. అప్పుడు కనిపించింది చోటు! గుర్రం గెంతింది. ఒక పక్క రాజు, ఒక పక్క మంత్రి. రాజు తప్పుకున్నాడు. మంత్రి ఒంటరిగా నిలబడిపోయాడు.

వేలు ఆగిపోయింది.

“కొట్టు నాన్నా!”

“వియ్యపురాలి మంత్రినటే... బావుంటుందా?”

“నాన్నా! నొక్కు!”

నొక్కారు. మంత్రి పోయాడు. కానీ పాత అలవాటు ఎక్కడికి పోతుంది? ఆ వెంటనే ‘క్షమించండి వదినగారూ’ అని టైపు చేసేశారు. శిరీష నెత్తి కొట్టుకుంది. ఎత్తు ఇప్పుడు ఆవిడది, మంత్రి పోయి ఆలోచనలో పడ్డారు గానీ ఈయనకు మిగిలింది నాలుగు సెకన్లే. ఆవిడ నాలుగు ఎత్తులు గబగబా వేస్తే చాలు, ఈయన గడియారం అయిపోయి, మంత్రి లేకపోయినా ఆట ఆవిడదే.

ఎత్తు రాలేదు. జవాబు వచ్చింది. ‘అయ్యో, ఎంత మాటండీ అన్నయ్యగారూ, ఆటన్నాక’... అంతలో ఆవిడ గడియారం సున్నా అయింది.

ఆ వెంటనే ఫోను మోగింది. “మీ మర్యాద మండిపోనూ! అంత పద్ధతిగా క్షమాపణ అడిగితే జవాబివ్వకుండా ఎలా ఉంటానండీ?”

“ఈ గెలుపు చెల్లదు వదినగారూ. మళ్ళీ ఆడదాం.”

“గడియారమే ఒప్పుకున్నాక మధ్యలో మీరెవరు? పేరు చెప్పండి.”

ఆయన నన్ను గట్టిగా పట్టుకుని, “వరహాలమ్మ” అన్నారు.

“మా వదినగారి పేరా? ఆ మాట ముందే అంటే నేను కాదంటానా అన్నయ్యగారూ?”

“అడగడానికి మొహమాటం వేసిందండీ.”

“మొహమాటానికి ఇన్నాళ్ళూ గుర్రాలు తోలారా!” అని ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. ఈయన నవ్వు కలిపారు. ఆ నవ్వులో నా వీపు మీద రెండు వెచ్చటి చుక్కలు పడ్డాయి.

ఆట తర్వాత నా ఎడమ మీట పైకి లేవలేదు. శిరీష నా తోక కత్తిరించి పిల్లకు ఆటవస్తువుగా ఇచ్చేసింది. ఇప్పుడు బుల్లి వరహాలమ్మ గారు నన్ను రోజూ నేలకేసి బాదుతున్నారు. దెబ్బ పడినప్పుడల్లా తాతగారు వంగి, నన్ను తీసి, పైపంచెతో తుడిచి, మెల్లగా “క్షమించాలి” అంటారు. నాతోనే! ఇంత సర్వీసులో నాకు అందిన మొదటి మర్యాద అదే. జవాబు టైపు చెయ్యడానికి నాకు వేళ్ళు లేవు గానీ, ఉంటే గడియారం చూసుకునేదాన్ని కాదు.