ఖైరున్నీసా ఇద్దత్

ఓడ దిగిన కళాసీ హుస్సేన్ బాషా మల్కాపురంలో తన ఇంటికైనా వెళ్ళకుండా, సరాసరి పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉన్న కరీం ఇంటికి వచ్చాడు. టీ తాగలేదు, కూర్చోలేదు. కరీం చెల్లెలు ఖైరున్నీసా పరదా వెనక నిలబడి వింటుండగా, ఇంగ్లండులో ఆమె మొగుడు ఖాజా ఇద్దరు సాక్షుల ముందు తలాక్ చెప్పేశాడనీ, ఆ సాక్షుల్లో తానొకడనీ, కబురు అందజేసే బాధ్యత తన నెత్తిన పెట్టాడనీ చెప్పి తలదించుకున్నాడు. ఖాజా అదృష్టమే అంత. వాడి పాపాలు మోయడానికి ఎప్పుడూ ఎవరో ఒక మంచివాడు దొరుకుతాడు.

అది ఎనభైమూడు నవంబరు. పక్షవాతం వచ్చిన తల్లికి సేవ చేయడానికి ఖైరున్నీసా కిందటేడు జనవరిలో ఊరికి వచ్చింది. స్కూలు పోతుందని ఏడేళ్ళ కూతురు జమాలున్నీసాను తండ్రి దగ్గరే ఉంచి వచ్చింది. తల్లి పోయింది. టికెట్టు పంపుతాను, ఇదిగో అదిగో అంటూ ఖాజా నెలలు నెట్టాడు. ఎందుకు నెట్టాడో ఇప్పుడు తెలిసింది.

మొగుడు పోయాక ఇంగ్లండు కూడా పోయినట్టే అనుకుని ఆమె గోడకు జారగిలబడిపోయింది. కానీ హుస్సేన్ బాషా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. దేశదేశాల ముద్రలు చూసినవాడు.

"అమ్మా, అక్కడ ఎప్పటికీ ఉండొచ్చని నీ పాస్‌పోర్టులో ముద్దరేశారు కదా. అది నీది. ఆడు ఒగ్గీసినా పోదు. కానీ ఒచ్చినకాడి నుంచి రెండేళ్ళు దాటితే మాత్రం పోతాది. జనవరి లోపల ఆ గడ్డమీద కాలెట్టీ."

ఖైరున్నీసాకు ప్రాణం లేచివచ్చింది. అక్కడ బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టిన మనిషి, తన తిండి తాను తినగలదు. చేతిగాజులు అమ్మితే టికెట్టు వస్తుంది. ఖాజా మొహం చూడనక్కర్లేదు, కూతురి స్కూలు ఉన్న వీధిలోనే ఓ గది తీసుకుంటే చాలు. ఆ పూటే ట్రంకుపెట్టె దించి దులిపింది.

ఆ పెట్టెను తిరిగి అటకెక్కించింది మెహబూబ్ బీ. వాళ్ళ తల్లికి అక్క, ఆ సందుకంతటికీ దీన్, ధర్మం గురించి ఆమె చెప్పిందే మాట. తలాక్ అయిన ఆడది మూడు నెలసరులు గడిచేదాకా ఇద్దత్‌లో కూర్చోవాలి, గడప దాటకూడదు, పరాయి మగవాడి కంట పడకూడదు అంది. వేళ్ళమీద లెక్కేస్తే ఫిబ్రవరి దాటుతోంది. కరీం నసిగాడు, ఖాజీ గారిని ఒక్కసారి అడుగుదామా అన్నాడు. అడిగితే తలాక్ సంగతి మార్కెట్టంతా తెలిసిపోదా అంది ఆమె. పరుపులు కుట్టే కొట్టులో పొద్దస్తమానం నలుగురి మధ్య కూర్చునే కరీంకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఖాజీ దగ్గరకు వెళ్ళలేదు. చెల్లెలికి పచ్చకామెర్లని అందరికీ చెప్పాడు. జనం పాపం నేల ఉసిరి ఆకు తెచ్చిచ్చారు.

ఖైరున్నీసా ఎదురు తిరగలేకపోయిందా? ఇంగ్లండు మేస్త్రీని నిలదీసి జీతం పెంచుకున్న మనిషే ఆమె. కానీ దేవుడి హద్దు దాటి బయల్దేరితే ఆ పాపం పోయి పోయి కూతురికి చుట్టుకుంటుందేమోనని భయపడింది. కూతురి కోసం వెళ్ళాల్సిన మనిషి, కూతురి కోసమే ఆగిపోయింది.

డిసెంబరులో హుస్సేన్ బాషా కొట్టు దగ్గరకు వచ్చి, చెల్లెల్ని పంపించావా అని అడిగాడు. బేరానికి వచ్చినవాళ్ళు చెవులు రిక్కించి కూర్చున్నారు. కరీం అతనికీ కామెర్ల కథే చెప్పాడు. అతను నిజమే అనుకుని, తొందరగా నయం కావాలని దువా చేసి వెళ్ళిపోయాడు.

కొత్త సంవత్సరం వచ్చిందని రేవులో ఓడలన్నీ ఒక్కసారిగా కూతలు పెట్టాయి. లోపలి గదిలో ఖైరున్నీసా రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆ నెలాఖరుకు రెండేళ్ళు నిండిపోయాయి.

ఇద్దత్ తీరాక తలంటు పోసుకుని, అన్నతో మద్రాసు రైలెక్కింది. వీసా ఆఫీసులో దొర మర్యాదగానే మాట్లాడాడు. పక్కనున్న గుమాస్తా తెలుగులో చెప్పాడు: రెండేళ్ళు దాటిపోయింది కనుక పాత ముద్ర చెల్లదు, భార్యగా వెళ్దామంటే ఇప్పుడు భర్త లేడు. ఆమె కూతురి ఫోటో తీసి బల్లమీద పెట్టింది. దొర దాన్ని కాసేపు చూసి, జాగ్రత్తగా తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు. జనవరి మొదట్లో వెళ్ళి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదన్నాడు.

సంగతి తెలిసి హుస్సేన్ బాషా పరుగున వచ్చాడు. కామెర్లు తగ్గాకైనా వెళ్ళి ఉండాల్సింది కదా అని బాధపడ్డాడు. ఇక దాచడానికి ఏముంది? కామెర్లు కావు, ఇద్దత్ అని కరీం చెప్పాడు.

హుస్సేన్ బాషా అర్థం కానట్టు చూశాడు. "ఏ ఇద్దత్ బావా? ఆడు తలాక్ సెప్పింది రంజానుకి ముందు, జూన్ మొదట్లో కదా. నాను ఓడమీద ఊళ్ళన్నీ తిరిగి ఒచ్చీసరికి నవంబరయ్యింది."

తలాక్ ఎప్పుడు చెప్పాడని ఆ రోజు ఎవరూ అడగలేదు. కబురు వచ్చిన రోజునే లెక్క మొదలుపెట్టారు. కరీం చెప్పులు కూడా వేసుకోకుండా ఖాజీ ఇంటికి పరిగెత్తాడు. మార్కెట్టంతా చూసింది, చూస్తే చూడనీ అనుకున్నాడు, ఆ తెగువ నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఖాజీ గారు నిదానంగా చెప్పారట, ఇద్దత్ మొగుడు మాట అన్న రోజు నుంచే నడుస్తుంది, పెళ్ళానికి తెలిసినా తెలియకపోయినా ఒకటే. సెప్టెంబరులో బక్రీదు నాటికే నీ చెల్లెలి ఇద్దత్ తీరిపోయిందయ్యా, ఆ మాట చెప్పించుకోడానికి నవంబరులోనే రాకపోయావా అని.

కరీం తిరిగి వచ్చి గుమ్మంలోనే కూలబడి పసివాడిలా ఏడ్చాడు. మెహబూబ్ బీ లేచి వచ్చి ఖైరున్నీసా చేతులు పట్టుకుంది.

"ఊరుకో తల్లీ. తెలీకైనా అల్లా పేరు మీద కూకున్నావు. ఆయన లెక్కలో ఉంటాది."

"ఉంటాది ఖాలా," అంది ఖైరున్నీసా. "నా కూతురి లెక్కలో మాత్రం, అమ్మ రానేదు, అంతే ఉంటాది."

చేతులు మెల్లగా విడిపించుకుంది. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. ఆమె మళ్ళీ ఆ లోపలి గదిలోకే వెళ్ళి, నాలుగు నెలలు కూర్చున్న చోటే చాప పరుచుకుని కూర్చుంది.