గోనెసంచిలో రెండో చెయ్యి

పిచ్చుక అన్న ముద్దుపేరు నాన్న పెట్టింది. చిన్నప్పుడు ఆ పిల్ల వీధిలో ఏది కనిపిస్తే అది ఏరుకొచ్చేది: గాజుముక్క, గుండీ, సీసామూత, ఎవరి చెప్పుకో ఊడిన బకిల్. తోటి పిల్లలందరూ పెద్దయ్యాక ఆ అలవాటు మానేశారు. ఈవిడగారు మాత్రం దాన్నే చదువుగా చేసుకుంది. విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రం, మానవ శాస్త్రం కలిపి చదువుతోంది. "చెత్త ఏరడానికి కూడా డిగ్రీ ఇస్తారట్రా?" అని మేనత్త అడిగితే, "ఇస్తారక్కా, మార్కులు కూడా వేస్తారట" అని నాన్న గర్వంగా చెప్పాడు.

నాన్నకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అద్దాన్ని అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టాడంటే వెంట్రుకంత సందు కూడా ఉండదు. అంత పనిమంతుడి చేతులూ వంటగదిలో ఎందుకూ కొరగావు. అమ్మ పోయాక మేనత్త వచ్చి వండిపెట్టింది. ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాక గరిటె పిచ్చుక చేతికి వచ్చింది. ఒకసారి పాలు కాచమంటే నాన్న గిన్నె ఎక్కించి, స్టవ్ వెలిగించడం మరిచి, పాలు ఎప్పుడు పొంగుతాయా అని కాపలా కాశాడు. ఆ చల్లటి పాలు తాగి కూడా పిచ్చుక "బాగున్నాయి నాన్నా" అంది. నాన్న ఏం చేసినా బాగుందనడం ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు.

ఇప్పుడొచ్చిన చిక్కంతా ఆ స్టవ్ దగ్గరే. ఎక్కడో దూరాన ఒక కొండ పక్కన పూర్వకాలపు ఊరొకటి తవ్వుతున్నారు. క్లాసు మొత్తంలో ఒక్కరినే ఆ పనికి తీసుకుంటారు. ఆరు నెలలు అక్కడే గుడారాల్లో ఉండాలి. ప్రొఫెసరమ్మ పిచ్చుకను పిలిచి, "నీ పేరు రాశాను. వచ్చే నెలాఖరు శుక్రవారానికి ఔనో కాదో చెప్పు. నువ్వు కాదంటే ఇంకొకరికి ఇస్తాను" అంది. పిచ్చుక ఎగురుకుంటూ ఇంటికి వచ్చింది కానీ, వంటగది గుమ్మం దాటేసరికి కాళ్ళు నేలకు దిగాయి.

"వెళ్ళవే, నాకేం లోటు?" అన్నాడు నాన్న.

"మరి తిండో?"

"బయట తింటాలే."

"రెండు రోజులు బయట తింటే మూడో రోజు మంచం ఎక్కుతావు. నాకు తెలీదా?"

నాన్న స్టవ్ వైపు ఒకసారి చూసి పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఆ వారమే ప్రొఫెసరమ్మ క్లాసుకు ఒక చిత్రమైన పని పెట్టింది. అందరికీ తలొక గోనెసంచి ఇచ్చింది. నెలపాటు ఇంటి చెత్త అందులో వెయ్యాలి. తడివి ఎండబెట్టి, జిడ్డువి కడిగి మరీ వెయ్యాలి. తర్వాత సంచులు కలిపేసి పంచుతారు. ఎవరి సంచి వాళ్ళకు రాదు. ముక్కూ మొహం తెలియని ఇంటి చెత్తను పొరలు పొరలుగా తీసి, ఆ ఇంట్లో మనుషులెవరో, ఎలా బతుకుతున్నారో చెప్పాలి. తన ఇంటి సంచి అని తెలిసినా నోరు విప్పకూడదు.

ఆ సంచి తెచ్చిన మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుంటుంటే పిచ్చుక పచ్చ దువ్వెన ఠప్పున విరిగింది. నాన్న ఆ ముక్కలు తీసుకుని, "ఇదిగో, ప్రారంభోత్సవం" అంటూ ఖాళీ సంచిలో వేశాడు. వేసి, "ఇదంతా నువ్వే విప్పి చూస్తావా?" అని అడిగాడు.

"లేదు నాన్నా. నాది నేను చూడకూడదు."

"అయితే మంచిదే" అన్నాడు. ఎందుకు మంచిదో పిచ్చుక అడగలేదు.

నెల తిరిగేసరికి సంచి పీకలదాకా నిండి, మూతి ముడి పడలేదు. పిచ్చుక దబ్బనం తెచ్చి కుట్టేసింది. ఏ పనైనా నీటుగా చెయ్యకపోతే ఆవిడకు నిద్ర పట్టదు. సంచి అడుగున ఉన్న కుట్టు ఎలా ఉందో మూతికీ అచ్చం అలాగే కుట్టింది. ఏది మూతో ఏది అడుగో కుట్టిన మనిషికి తప్ప తెలియదు.

క్లాసులో ఆ సంచి డిటెక్టివ్‌కు వచ్చింది. క్లాసువాళ్ళు పెట్టిన పేరది. పక్కవాడి చెప్పులకు అంటిన మట్టి చూసి వాడు ఏ సందులోంచి వచ్చాడో చెప్పే రకం. ఒక చివర కత్తిరించి, వస్తువులు వరసగా తీసి, పై పొర, నడిమి పొర, కింది పొర అని చీటీలు అంటించి పళ్ళేల్లో సర్దాడు. కింద ఉన్నది ముందు పడింది, పైన ఉన్నది తర్వాత పడింది. వాళ్ళ చదువంతా ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

"ఈ ఇంట్లో ఇద్దరున్నారు" అని మొదలుపెట్టాడు. "వంటగదిలో రెండు చేతులు కనిపిస్తున్నాయి. మొదటి చెయ్యి నిలకడైనది. ఉల్లిపొట్టు చూడండి, మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంది. నా బాధంతా రెండో చేతి గురించే. ఈ చేతి చెత్త విడిగా, పాత పేపర్లలో పొట్లాలు కట్టి ఉంది. కింది పొరలో దీని పని అద్భుతం. క్యారెట్ తొక్క ఒకటే తీగ, కాయితమంత పలచన. నడిమి పొరకు వచ్చేసరికి తొక్కలు ముక్కలయ్యాయి. పై పొరలో చూడండి, దుంప సగం తొక్కతోనే పోయింది. గుడ్డు పెంకులు నుజ్జునుజ్జు. మాడి బొగ్గయిన ముక్కలు కూడా ఉన్నాయి."

అందరూ మెడలు చాచి చూశారు. పిచ్చుకకు పళ్ళెంలో పచ్చ దువ్వెన కనిపించింది. ఆ సంచి తమ ఇంటిదే.

"నా లెక్కలో ఈ మనిషికి చెయ్యో చూపో, లేదంటే మతో తప్పుతోంది" అని తేల్చాడు డిటెక్టివ్. "ఒంటరిగా వదలదగ్గ మనిషి కాదు."

"ఒక్క నెలలో ఇంత మార్పా?" అంది ప్రొఫెసరమ్మ. "నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఇంకేదైనా కారణం ఉందేమో మళ్ళీ చూడు."

ఆ మాట పిచ్చుక చెవికెక్కలేదు. మొదటి చెయ్యి తనది. రెండోది నాన్నది కాక ఇంకెవరిది? తను రోజూ అన్నం డబ్బా కట్టి పంపుతుంటే మధ్యాహ్నం ఇంటికొచ్చి వండుకోవలసిన ఖర్మేమిటి? తిన్న సంగతి మరిచిపోతున్నాడా? అద్దాలు అరగదీసే మనిషికి చూపూ చెయ్యీ పోతే ఇంకేం మిగులుతుంది?

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ సాయంత్రం నుంచి నాన్న ఏం చేసినా జబ్బులాగే కనిపించింది. బొటనవేలికి గుడ్డపట్టీ ఉంది. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. తను కూర తరుగుతుంటే గుమ్మంలో నిలబడి, కత్తిపీట వైపు రెప్ప వెయ్యకుండా చూశాడు. చూపు ఆనక అలా చూస్తున్నాడనుకుంది.

"నాన్నా, మధ్యాహ్నాలు ఇంటికి వస్తున్నావా?"

"లేదే! దుకాణం వదిలి ఎలా వస్తాను?" అన్నాడు, చెవి గోక్కుంటూ.

నాన్న ఆమెతో అబద్ధం ఆడడు. అంటే వచ్చిన సంగతే గుర్తులేదన్నమాట. పిచ్చుక ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. కొండా లేదు, తవ్వకమూ లేదు, నాన్న దగ్గరే ఉండిపోవాలి అనుకుంది. అనుకున్నాక మనసు తేలిక పడుతుందంటారు గానీ, ఆమెకు పడలేదు.

శుక్రవారం పొద్దున ఆ మాట చెప్పడానికే వెళ్ళింది. ప్రొఫెసరమ్మ ఇంకా రాలేదు. ల్యాబులో కూర్చుంటే ఎదురుగా బల్ల మీద డిటెక్టివ్ పళ్ళేలు ఉన్నాయి. చూడకూడదనుకుంటూనే చూసింది. విరిగిన పచ్చ దువ్వెన పై పొర పళ్ళెంలో ఉంది.

పై పొరలోనా?

దువ్వెన సంచిలో పడ్డ మొట్టమొదటి వస్తువు. ప్రారంభోత్సవం చేసింది నాన్నే. అది అట్టడుగున ఉండాలి. పిచ్చుక చటుక్కున లేచి, మూల పడేసిన ఖాళీ సంచిని అందుకుంది. ఒక చివర కత్తిరించి ఉంది. రెండో చివర దబ్బనంతో తను వేసిన కుట్టు చెక్కుచెదరలేదు. డిటెక్టివ్ సంచిని అడుగు వైపు నుంచి తెరిచాడు! ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, నెల కథంతా తలకిందులుగా చదివాడు. దానికి కారణం ఆమె నీటు కుట్టే.

పళ్ళేలు ఇటువి అటు మార్చింది. మొదట సగం దుంపతో పోయిన తొక్క, మాడిన ముక్కలు, నుజ్జయిన పెంకులు. తర్వాత కొంచెం పలచబడ్డ తొక్కలు, రెండే చెక్కలుగా పగిలిన పెంకులు. చిట్టచివర, ఎక్కడా తెగకుండా చుట్టలు చుట్టుకున్న క్యారెట్ తొక్క. ఈ చెయ్యి పాడవడం లేదు, నేర్చుకుంటోంది. ఎందుకు నేర్చుకుంటోందో ఎవరూ చెప్పక్కర్లేదు. పిచ్చుక బల్ల పట్టుకుని నవ్వింది, ఏడ్చింది. ఏది ముందో ఏది తర్వాతో ఆమెకే తెలియలేదు.

ప్రొఫెసరమ్మ లోపలికి వచ్చింది. "ఏమ్మా, ఔనా కాదా?"

"సాయంత్రం దాకా ఆగండి మేడమ్. ఈ సంచి మా ఇంటిది, తిరగేసి తెరిచారు. ఒక్కటి చూసుకుని వస్తాను."

మధ్యాహ్నం చప్పుడు కాకుండా తలుపు తీసింది. వంటగదిలో నాన్న, దుకాణంలో వాడే భూతద్దం కంటికి తగిలించుకుని, అద్దం అరగదీసినంత శ్రద్ధగా దుంప తొక్క తీస్తున్నాడు. స్టవ్ వెలుగుతోంది.

"నాన్నా."

నాన్న దుంపను వెనక దాచాడు. "ఇప్పుడొచ్చావేంటి? క్లాసుల్లేవా?"

"ఇంటికి రావడం లేదన్నావు?"

"ఇవాళే వచ్చాను."

"ఇవాళ కాదు. నెలనుంచీ వస్తున్నావు. ముందు దుంపలు మాడ్చావు, తర్వాత గుడ్లు చితక్కొట్టావు. ఇప్పుడు క్యారెట్ తొక్క నాకంటే బాగా తీస్తున్నావు."

"ఎవరు చెప్పారే?"

"సంచి."

"నీది నువ్వు చూడనన్నావుగా! ఆ ధైర్యంతోనే వేశాను."

"నాతో చెబితే నేర్పేదాన్ని కదా."

"నువ్వు పక్కనుంటేనే వచ్చే వంట నాకెందుకే?" అని స్టవ్ తగ్గించాడు నాన్న. "బాగా వచ్చాక చెబుదామనుకున్నా. రాకముందే తెలిస్తే ఆగిపోతావని భయమేసింది."

పిచ్చుక సాయం చెయ్యబోతే నాన్న గరిటె ఇవ్వలేదు. కూర్చోమని కంచం పెట్టి, దుంపకూర వడ్డించి, ఎదురుగా కూర్చుని ఆమె ముఖమే చూశాడు.

"ఎలా ఉంది?"

పిచ్చుక నమిలి మింగింది. "ఉప్పు ఎక్కువైంది నాన్నా. దుంప కూడా ఇంకాస్త ఉడకాలి."

నాన్న ఒక దుంపముక్క నోట్లో వేసుకుని చూశాడు. తర్వాత నెమ్మదిగా, "అయితే వెళ్తున్నావన్నమాట" అన్నాడు.

"నేనింకా చెప్పనేలేదుగా. ఎలా తెలిసింది?"

"ఉండిపోయేదానివైతే బాగుందనేదానివి."

నాన్న భూతద్దం తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఆ తర్వాత కళ్ళు కూడా తుడుచుకున్నాడు.